గుర్రాల కోతయంత్రం కథ - ఒక పాత మెమోకు నా జవాబు



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు ముందు కాదన్నాను. నేను ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషిని. రెంచి పట్టిన చేతికి కలం అలవాటు లేదు. అయితే కిందటి నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి అల్వాల్‌లో బ్యాంకుకు వెళ్ళినప్పుడు జరిగిన ఒక సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. వరుసలో నా వెనక నిలబడినాయన నన్ను గుర్తుపట్టి పలకరించాడు. నాకు పని నేర్పిన మేస్త్రీ గారి కుమారుడు. ఆయన కూడా ఇప్పుడు పెన్షనరే.

“అన్నా, నాన్న పెట్టె సర్దుతుంటే ఒక ఆర్డరు కాగితం దొరికింది. 1972 నాటిది. అశ్రద్ధగా యంత్రం బిగించినందుకు ఒక ఇంక్రిమెంటు శాశ్వతంగా కోత అని ఉంది. నాన్న ఎన్నడూ మాకు చెప్పలే. నువ్వు అక్కడే ఉన్నవు కద, నిజంగ తప్పు చేసిండా?” అని అడిగాడు.

నలుగురిలో ఏం చెప్పను? “తర్వాత మాట్లాడుదాం తమ్ముడూ” అని తప్పించుకున్నాను. యాభై ఏళ్ళ కిందట విచారణలోనూ అదే పని చేశాను. ఈసారి తప్పించుకోదలచుకోలేదు. జవాబు కాగితం మీద పెడుతున్నాను. అయితే ఆ జవాబు అర్థం కావాలంటే గుర్రాలు లాగే కోతయంత్రం ఎట్లా పుట్టింది, ఎట్లా బాగుపడింది అన్న కథ కొంత తెలియాలి. అది మన లష్కర్ గడ్డి బీళ్ళనుంచి అమెరికా దాకా పోయే కథ. కొంచెం ఓపికతో చదవమని మనవి.

మా వర్క్‌షాపులో పాత యంత్రం

1806లో నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ దండు వెలిసిన నాటినుంచి ఇక్కడ మనుషులతో పాటు గుర్రాలూ ఉన్నాయి. తిరుమలగిరి, బొల్లారం, అల్వాల్ చుట్టుపక్కల రిసాలాల గుర్రాలకు రోజూ బండ్లకొద్దీ గడ్డి కావాలి. గుర్రాల వెంట సైసులు, గడ్డి కోసి మోసుకొచ్చేవాళ్ళు ఒక సైన్యమంత ఉండేవారు. తర్వాత దేశంలో మిలిటరీ ఫారాలు వచ్చాయి. మొదటిది 1889లో అలహాబాదులో పెట్టారు. సికింద్రాబాదులోనూ ఒకటి ఉండేది. 132 సంవత్సరాలు నడిచి ఆ ఫారాలన్నీ 2021 మార్చి 31న మూతపడ్డాయి.

నేను 1966లో హెల్పరుగా చేరినప్పుడు మా వర్క్‌షాపు వెనక వేపచెట్టు కింద ఒక పాత గుర్రాల గడ్డికోత యంత్రం పడి ఉండేది. రెండు ఇనుప చక్రాలు, మధ్య నొగ, డ్రైవరు కూర్చునే చిల్లుల ఇనుప సీటు, పక్కకు చాచిన అయిదడుగుల కత్తి పట్టీ. ఎవరో వేలంలో కొన్న సరుకుతో పాటు వచ్చిందనేవారు. తయారీదారు పేరున్న పలక ఎప్పుడో ఊడిపోయింది. మధ్యాహ్నం డబ్బా తినేటప్పుడు మేస్త్రీ గారు దాని సీటు మీద కూర్చునేవారు. ఆ సీటు మీదినుంచే నాకు యంత్రం పాఠం చెప్పారు.

“చూడు బిడ్డా, కొడవలి పని ఏంది? ఎడమ చెయ్యి దుబ్బు పట్టుకుంటది, కుడి చెయ్యి కోస్తది. యంత్రానికి కూడ రెండు చేతులు కావాలె. పట్టుకునే చెయ్యి లేకుంటే ఎంత పదునున్నా గడ్డి వంగి తప్పించుకుంటది.” కోతయంత్రం చరిత్ర అంతా ఆ రెండు ముక్కల్లో ఉందని రిటైరయ్యాక చదివితే గాని నాకు తెలియలేదు.

పట్టుకునే చెయ్యి కోసం వెదుకులాట

కోతకు పశువును కట్టాలన్న ఆలోచన చాలా పాతది. సుమారు 2000 ఏళ్ళ కిందటే రోమన్ల పాలనలో ఉన్న గాల్ దేశంలో, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతంలో, పళ్ళ దువ్వెన లాంటి పెట్టెను పశువుచేత ముందుకు నెట్టించి కంకులు తెంపుకునేవారు. ప్లినీ అనే రోమన్ పండితుడు దాని గురించి రాశాడు. తర్వాత అది మరుగున పడింది.

మళ్ళీ 1820లలో స్కాట్లండులో ప్యాట్రిక్ బెల్ అనే యువకుడు పూనుకున్నాడు. రైతు కొడుకు, క్రైస్తవ మతబోధకుడు కావడానికి చదువుకుంటున్నాడు. తోట కత్తెర చూసి, వరుసగా కత్తెరలు పెడితే పంట కోయవచ్చని అతనికి తోచింది. నలుగురూ నవ్వుతారని తలుపులు మూసి, కొట్టంలో మట్టి పోసి, పంట కాడలు నాటి, యంత్రాన్ని తానే నెట్టి చూశాడు. 1828లో పొలంలో నడిపించాడు. గుర్రాలు పంటను తొక్కకుండా వెనకనుంచి నెడతాయి. తెగిన పైరు గుడ్డ పట్టా మీద పడి పక్కకు జారుతుంది. కత్తెర అంటే రెండు చేతులే, ఒకటి పట్టుకుంటే ఒకటి కోస్తుంది. బెల్ పేటెంటు తీసుకోలేదు. అందరికీ ఉపయోగపడాలన్నాడు. కాని అన్ని కత్తెరలకు పదును పెట్టడం, వాటిని ఒక్క తీరుగా ఉంచడం కష్టమైన పని.

అమెరికాలో ఇద్దరు వేరే దారి పట్టారు. వర్జీనియాలో సైరస్ మెకార్మిక్ 1831లో యంత్రం నడిపి చూపి, 1834లో పేటెంటు పొందాడు. అతని తండ్రి రాబర్ట్ ఎన్నో ఏళ్ళు అదే ప్రయత్నంలో విసిగిపోయినవాడు. వాళ్ళ ఇంట బానిసగా ఉన్న జో ఆండర్సన్ అనే నల్లజాతి మనిషి ఆ యంత్రం తయారీలో పక్కన ఉండి పనిచేశాడు. పేటెంటులో అతని పేరు లేదు. రెండోవాడు ఓబెడ్ హస్సీ, ఒక కన్ను లేని మాజీ నావికుడు. 1833 డిసెంబరు 31న, అంటే మెకార్మిక్ కంటే ఆరు నెలలు ముందే, పేటెంటు తీసుకున్నాడు.

మెకార్మిక్ యంత్రంలో అడ్డంగా అటూ ఇటూ కదిలే కత్తి ఉంది. ఆ కత్తికి మన కొడవలికి కక్కు పెట్టినట్టు పళ్ళున్నాయి. పైరును కత్తి మీదికి వంచే తిరుగుడు రీలు, తెగిన పైరు పడే పలక, కోసే పైరును నిలిచిన పైరునుంచి విడదీసే మొన, ఇవన్నీ ఒకచోట చేరాయి. గుర్రం కోయని పైరును తొక్కకుండా పక్కన నడుస్తుంది. నేటి హార్వెస్టరు ముందుభాగం చూడండి, ఈ అంగాలన్నీ కనిపిస్తాయి.

అయితే “పట్టుకునే చెయ్యి” బాగా కుదిరింది హస్సీ దగ్గర. ఆయన వరుసగా ఇనుప వేళ్ళు పెట్టి, ఒక్కొక్క వేలి మధ్య చీలిక పెట్టి, ఆ చీలికలలో త్రికోణపు రేకుల కత్తిని ఆడించాడు. వేలు కాడను పైనా కిందా పట్టుకుంటుంది, రేకు దాన్ని కోస్తుంది. మొదట్లో చీలికలో గడ్డి ముక్కలు ఇరుక్కుని కత్తి బిగుసుకునేది. 1847లో వేలి పై భాగం వెనకవైపు తెరిచి, ఇరుక్కున్న చెత్త బయటికి పోయేట్టు చేశాడు. చూస్తే చిన్న మార్పు. కాని గడ్డికోత యంత్రం బతికి బట్టకట్టింది దానితోనే. గడ్డి కోతలో హస్సీ యంత్రం మేలనిపించుకున్నా, వ్యాపారంలో మెకార్మిక్ గెలిచాడు. 1847లో షికాగోలో ఫ్యాక్టరీ పెట్టాడు. హస్సీ 1860లో రైలు ప్రయాణంలో ఒక పసిబిడ్డకు మంచినీళ్ళు తేవడానికి దిగి, తిరిగి ఎక్కబోతూ చక్రాల కింద పడి మరణించాడు.

ఈ యంత్రాల మీద కోర్టు కేసులకు లెక్కలేదు. మెకార్మిక్, జాన్ మానీ అనే మరో తయారీదారు మీద దావా వేశాడు. మానీ పక్షం వకీళ్ళలో ఒకరు అబ్రహాం లింకన్. ఆయన ఫ్యాక్టరీకి పోయి యంత్రం చూసి, కష్టపడి తయారై సిన్సినాటికి వెళితే, పెద్ద వకీలు ఎడ్విన్ స్టాంటన్ ఈ పల్లెటూరి వాడెవడన్నట్టు చూసి ఒక్క మాటైనా మాట్లాడనివ్వలేదు. 1856లో మానీ పక్షం గెలిచింది. తర్వాత లింకన్ అధ్యక్షుడై, 1862లో అదే స్టాంటన్‌ను తన యుద్ధశాఖ మంత్రిగా పెట్టుకున్నాడు. అవమానించినవాడిని కూడా పని తెలిసినవాడని గౌరవించిన పెద్దమనసు అది. మన ఆఫీసులలో అటువంటివారిని నేను ఎక్కువమందిని చూడలేదు.

రెండు చక్రాలు, ఒక మడత బందు, ఒక కర్రముక్క

మా వేపచెట్టు కింది యంత్రం పంట కోతది కాదు, గడ్డి కోతది. ఈ రెంటి దారులు 1850లలో విడిపోయాయి. గడ్డి నేలకు దగ్గరగా తెగాలి, నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. కత్తి పట్టీ చట్రానికి గట్టిగా బిగించి ఉంటే మిట్ట తగలగానే మట్టిలో గుచ్చుకుంటుంది. ఒహాయో రాష్ట్రంలో కార్నీలియస్ ఆల్ట్‌మన్ కంపెనీలో పనిచేసిన లూయిస్ మిల్లర్ 1850ల చివరలో దీనికి విరుగుడు కనిపెట్టాడు. రెండు చక్రాల బండి ముందు పక్కన కత్తి పట్టీని తలుపు బందులాగా మడత బందుతో కలిపాడు. నేల ఎట్లా ఉంటే పట్టీ అట్లా తేలుతూ పోతుంది. దారిలో పోయేటప్పుడు నిలువుగా పైకి మడిచి పెట్టవచ్చు. బకై అనే పేరుతో అది పేరు పొందింది. ఈ మిల్లర్ కూతురు మీనాను విద్యుద్దీపం ఎడిసన్ 1886లో పెళ్ళాడాడు. మామగారి పేరు ఎందరికి తెలుసు చెప్పండి!

ఇక శక్తి ఎక్కడిది? ఇంజను లేదు. నేల మీద దొర్లే చక్రమే ఇంజను. చక్రం ఇరుసును తిప్పుతుంది, గేర్లు వేగం పెంచుతాయి, చివరన క్రాంకు తిరుగుతుంది. క్రాంకుకూ కత్తికీ మధ్య పిట్‌మన్ అనే పొడుగాటి చేయి ఉంటుంది. క్రాంకు గుండ్రంగా తిరుగుతుంటే పిట్‌మన్ కత్తిని ముందుకూ వెనక్కూ ఆడిస్తుంది. చక్రంలో ర్యాచెట్ ఉంటుంది కనుక వెనక్కు నడిపితే కత్తి కదలదు, మలుపులో రెండు చక్రాలు వేరువేరు వేగంతో పోగలవు.

ఆ పిట్‌మన్ చేయిని కంపెనీలవారు చాలాకాలం గట్టి కర్రతోనే చేశారు. ఇనుము దొరకక కాదు. కర్ర అదురును కొంత తనలో దాచుకుంటుంది. రాయి తగిలి కత్తి బిగుసుకుంటే ముందు కర్ర విరిగి, ఖరీదైన గేర్లనూ కత్తినీ కాపాడుతుంది. మన ఇళ్ళలో కరెంటు ఫ్యూజు వంటిదన్న మాట. తర్వాతి బాగుచేతలలో ముఖ్యమైనది గేర్లను మూసిన పెట్టెలో నూనెలో ముంచడం. 1939లో వచ్చిన మెకార్మిక్ డీరింగ్ తొమ్మిదో నెంబరు గుర్రాల యంత్రం ఆ పద్ధతిదే. ట్రాక్టర్లు వద్దనుకునే ఆమిష్ వారి పొలాల్లో అవి ఈనాటికీ గడ్డి కోస్తున్నాయి.

శామీర్‌పేట మడిలో ఏం జరిగింది

1971 నవంబరు. ఆ పాత యంత్రాన్ని బాగుచేసి, ఎడ్లను కట్టి, వరి కోసి చూపించాలని పైవారికి ఆలోచన వచ్చింది. మాకు నెల గడువు ఇచ్చారు. మేస్త్రీ గారు, నేను యంత్రం విప్పి తుప్పు గీకి, కత్తికి కొత్త రేకులు రివెట్లు కొట్టాము. మూడంగుళాలకు ఒకటి చొప్పున ఇరవై రేకులు. క్రాంకు ఒక చివరికి వచ్చినప్పుడు ప్రతి రేకు మధ్య గీత ప్రతి వేలి మధ్యకు సరిగ్గా రావాలి. మేస్త్రీ గారు ఆ కొలత మూడుసార్లు చూశారు. పిట్‌మన్ పుచ్చిపోయి ఉంటే పాత ముక్క కొలతకు కొత్త కర్ర చెక్కి ఇనుప పట్టీలు బిగించారు.

శామీర్‌పేట చెరువు కింద ఒక రైతు మడి ఎంచారు. ముందు రోజు మేస్త్రీ గారు పోయి కాలితో నేల తొక్కి చూసి వచ్చారు. “ఇంక నాలుగు రోజులు నీళ్ళు దిగనియ్యాలె సారూ, చక్రం పట్టది” అని చెప్పారు. పెద్దలు వచ్చే తేదీ ఖాయమైంది, మార్చేది లేదన్నారు.

ఆ రోజు గట్ల మీద జనం. జోడెడ్లు కదిలాయి. మొదటి పది గజాలు చక్కగా తెగింది. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత మెత్తటి చోట చక్రం తిరగకుండా జారింది. చక్రం ఆగితే కత్తి ఆగుతుంది. కత్తి ఆగినా ఎడ్లు నడుస్తూనే ఉన్నాయి, పచ్చి దుబ్బులు వేళ్ళ సందుల్లో కుక్కుకున్నాయి. మళ్ళీ గట్టి నేల రాగానే చక్రం ఒక్కసారిగా పట్టుకుంది. ఫట్‌మని పిట్‌మన్ విరిగింది, రెండు వేళ్ళు వంగాయి. ఎడ్లు బెదిరి పక్కకు లాగితే ఒకదాని కాలికి గీరుకుంది. గింజలు రాలి, పైరు తొక్కుడుపడి, రైతు నెత్తి కొట్టుకున్నాడు.

పది రోజులలో మేస్త్రీ గారికి ఛార్జి మెమో వచ్చింది. ఇనుపది వాడవలసిన చోట కర్ర పిట్‌మన్ వాడడం ఒకటి, బిగింపులో అశ్రద్ధ రెండు. విచారణలో నన్ను పిలిచారు. కొలత మూడుసార్లు చూశారా లేదా, నేల గురించి ముందే చెప్పారా లేదా అని అడిగారు. నాకు అప్పటికి ఉద్యోగం ఖాయం కాలేదు. ఇంట్లో చిన్నపిల్లలు. “నేను హెల్పరును, నాకు తెలియదండీ” అన్నాను. 1972లో ఆర్డరు వచ్చింది. మేస్త్రీ గారు నన్ను ఒక్క మాట అనలేదు. మరునాడు మామూలుగా “రా బిడ్డా, లేతు మీద పని ఉంది” అన్నారు. 1978లో రిటైరయ్యారు, 1994లో పోయారు. ఒక ఇంక్రిమెంటు శాశ్వతంగా పోతే పెన్షనులో ఎంత తగ్గుతుందో, ఆ పెన్షను మీద వచ్చే కరువు భత్యం ఎంత తగ్గుతుందో, ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పనక్కరలేదు.

చరిత్ర చెప్పే సాక్ష్యం

రిటైరయ్యాక లైబ్రరీలలో, తర్వాత మనవరాలి కంప్యూటరులో ఈ యంత్రాల చరిత్ర వెదకడం నాకు వ్యసనమైంది. చదివే కొద్దీ ఆనాటి మెమోలోని ఒక్కొక్క మాట కూలిపోయింది.

మొదటిది కర్ర సంగతి. పైన చెప్పాను. పిట్‌మన్ కర్రది కావడం తప్పు కాదు, పద్ధతే అది. మేస్త్రీ గారు ఇనుప చేయి పెట్టి ఉంటే ఆ రోజు గేర్లు పగిలి ఉండేవి.

రెండవది ఎద్దు నడక. మా యంత్రం చక్రం ఒక చుట్టుకు సుమారు ఎనిమిదిన్నర అడుగులు పోయేది. ఆ ఒక్క చుట్టులో క్రాంకు 25 సార్లు తిరిగేది. గుర్రాలు గంటకు నాలుగు కిలోమీటర్లు నడిస్తే క్రాంకు నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది. మన ఎడ్లు గంటకు రెండున్నర నడిస్తే 400 మాత్రమే. నడక తగ్గినా అడుగుకు ఎన్ని కోతలన్న లెక్క మారదు, అది నిజమే. కాని దెబ్బలో ఊపు తగ్గుతుంది. పచ్చి కాడ తెగకుండా నలుగుతుంది. అమెరికాలో కూడా అంతకుముందు పొలం పని చాలావరకు ఎడ్లదే. ఈ కోతయంత్రాలు వచ్చాక వేగంగా నడిచే గుర్రాలు ఎడ్ల స్థానంలోకి రావడానికి ఒక కారణం ఇదే. గుర్రాల కోసం చేసిన యంత్రానికి ఎడ్లను కట్టమన్నది మేస్త్రీ గారు కాదు.

మూడవది, అన్నిటికంటే పెద్దది, జారిన చక్రం. దీనికి సాక్ష్యం పంట కట్టలు కట్టే యంత్రం చరిత్రలో దొరికింది. పైరు కోయడం యంత్రానికి వచ్చాక, కట్టడం మనుషుల మీద పడింది. 1858లో మార్ష్ సోదరులు కట్టేవాళ్ళు యంత్రం మీదే నిలబడి కట్టే ఏర్పాటు చేశారు. 1870లలో తీగతో కట్టే యంత్రాలు వచ్చాయి. తీగముక్కలు పశువుల కడుపుల్లోకి, పిండి మరల్లోకి పోతుంటే రైతులు గగ్గోలు పెట్టారు. జాన్ ఆపిల్‌బీ అనే అతను పురితాడుతో ముడివేసే పక్షిముక్కు లాంటి ఇనుప ముక్కను తయారు చేశాడు. డీరింగ్ కంపెనీ 1880 కోతలకు ఆ రకం 3000 యంత్రాలు చేసి అమ్మింది. కోసి, ఎత్తి, కట్టి పడేసే ఈ యంత్రం నడిచేది కూడా నేల చక్రంతోనే. మరి తడి నేలలో? అక్కడా చక్రం జారింది! 1910లలో అమెరికా రైతులు తడి పొలాల్లో ఆ యంత్రాల మీద చిన్న పెట్రోలు ఇంజను ఎక్కించి కత్తినీ ముడినీ దానితో నడిపారు, గుర్రాలు బండిని లాగడానికే మిగిలాయి. ఎనభై ఏళ్ళ అనుభవం, పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు ఉన్నవారికే తడి నేలలో నేల చక్రం చాలక ఇంజను పెట్టుకోవలసి వచ్చింది. శామీర్‌పేట మడిలో అది జారితే అశ్రద్ధ ఎట్లా అవుతుంది?

ఆ సంగతి చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

తర్వాత ఏమైంది

ఎడ్లకు మంచి యంత్రం చేయాలన్న ప్రయత్నం మన దగ్గర ఆగిపోలేదు. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ సంస్థ వెలిసింది. అక్కడ నల్లరేగడి నేలల కోసం ట్రాపికల్టర్ అనే రెండు చక్రాల ఎడ్ల పనిముట్ల బండిని పరీక్షించి బాగుచేశారు. దున్నడం, బోదెలు తీయడం, విత్తడం అన్నీ దానితో చేయవచ్చు. ఫారంలో బ్రహ్మాండంగా పనిచేసింది. రైతుకు మాత్రం ధర ఎక్కువ, బరువు ఎక్కువ అయింది. ఇటువంటి బండ్ల గురించి ప్రపంచమంతా తిరిగి చూసిన పాల్ స్టార్కీ 1988లో ఒక పుస్తకం రాశాడు. పరిపూర్ణం చేశారు, అయినా తిరస్కరించారు అని దాని పేరుకు అర్థం. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి చేసినదే రైతు ఇంటికి చేరలేదంటే, ఒక నెల గడువులో మా ఇద్దరి పని ఎంత?

వరి మడికి అసలు జవాబు చక్రాన్ని, కత్తిని విడదీయడమే. 1980లలో చైనా, ఫిలిప్పీన్స్ వరి పరిశోధన సంస్థ కలిసి చేసిన ఇంజను కోతయంత్రం మన దేశానికీ వచ్చింది. తర్వాత పెద్ద హార్వెస్టర్లు వచ్చాయి, మెత్తటి మడులకు చైన్ మిషన్లు వచ్చాయి. మొన్న మేడ్చల్ దాటి ఒక పెళ్ళికి పోతూ దారిలో కారు ఆపించి ఒక చైన్ మిషన్ ముందు వంగి చూశాను. త్రికోణపు రేకులు, చీలిక వేళ్ళు, రీలు, విడదీసే మొన. రేకు వెడల్పు వేలితో కొలిచాను, అదే మూడంగుళాలు! డ్రైవరు కుర్రవాడు “ఏం తాతా, కొంటవా?” అని నవ్వాడు. పక్క మడిలో ట్రాక్టరు వెనక గడ్డి కట్టలు కట్టే మిషన్ తాడు ముడి వేస్తోంది. అందులో ఉన్నది ఆపిల్‌బీ ముక్కే.

ఒక మాట చెప్పకపోతే లెక్క సగమే అవుతుంది. మా అమ్మ కోతల కాలంలో కూలికి పోయేది. వంగి వంగి నడుము పట్టేస్తే రాత్రి పూట నూనె రాయమనేది. ఆ నడుము నొప్పిని యంత్రం తీసేసింది, సంతోషమే. దానితో పాటు కోత కూలిగా ఇంటికి వచ్చే వడ్లు కూడా పోయాయి. ఏ బాగుచేతకైనా ఇట్లా రెండు వైపులుంటాయి.

ముగింపు

ఈ చరిత్రలో నాకు కనిపించింది ఒక్కటే. కోతయంత్రం ఏ ఒక్క మహానుభావుడి తలలోనుంచో ఒకనాడు ఊడిపడలేదు. వేలికి ఒక చీలిక, పట్టీకి ఒక మడత బందు, విరగడానికే పెట్టిన ఒక కర్ర, ముడి వేసే ఒక ముక్కు, ఇట్లా వంద ఏళ్ళు ఒకరి తర్వాత ఒకరు చేర్చుకుంటూ పోయారు. ప్రతి మెట్టులోనూ యంత్రం పొలంలో ఆగిపోయింది, విరిగింది, జనం నవ్వారు. బెల్ తలుపులు మూసుకున్నది అందుకే. ఆగిపోయిన చోట ఎందుకు ఆగిందని అడిగినవారు ముందుకు పోయారు. మనం ఎవరి తప్పని అడిగాము.

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇది. మీ నాన్న తప్పు చేయలేదు. కొలత మూడుసార్లు చూశారు, కర్ర సరైనది వాడారు, నేల తడిగా ఉందని ముందే చెప్పారు. ఇవన్నీ నాకు ఆనాడే తెలుసు. తెలియదన్నది నేను. ఆ తప్పు నాది. పోయిన ఇంక్రిమెంటు నేను తేలేను. ఈ కాగితం మాత్రం ఆ ఆర్డరు పక్కన పెట్టెలో పెట్టుకో, మీ పిల్లలకు చదివి వినిపించు.

మిత్రులారా, మీ ఇంటి పెట్టెలలోనూ ఇటువంటి కాగితాలు ఉండవచ్చు. ఆ రోజు పక్కన నిలబడి చూసినవారు ఎవరైనా ఇంకా మన మధ్య ఉంటే, చేయి వణకక ముందే నాలుగు మాటలు రాసి పెట్టమని కోరుతున్నాను. అందరూ ఆయురారోగ్యాలతో ఉండాలని, వచ్చే నవంబరులో కూడా అల్వాల్ బ్యాంకు వరుసలో మనమంతా కలుసుకోవాలని ఆశిస్తూ సెలవు.